బురద బాబాయ్ అడుగులు

ఆ ఆసుపత్రిలో నేల తుడిచేవాళ్ళు నలుగురు. ముగ్గురు ఒకసారి తుడిచి చేతులు దులుపుకునేవాళ్ళు. నాలుగో ఆయనకి మాత్రం రెండు పనులు. వార్డంతా తుడవాలి, ఆ తర్వాత తన అడుగుల్ని తనే తుడుచుకుంటూ గుమ్మం దాకా వెనక్కి నడవాలి. ఎంత రుద్ది కడుక్కున్నా ఆయన కాలు పెట్టినచోటల్లా సొంతూరి ఎర్రమట్టి అంటేది మరి. అక్కడ ఎండ కాస్తే ఇక్కడ దుమ్ము, అక్కడ వాన పడితే ఇక్కడ బురద. దేశం దాటొచ్చి పదిహేడేళ్ళయినా ఇదే వరస. నర్సమ్మలు "ఏం బురద బాబాయ్, మీ ఊళ్ళో చినుకులా ఇవాళ?" అని పలకరించి, చూసుకుని పక్కగా నడిచిపోయేవాళ్ళు.

ఇంట్లో మాత్రం ఆయన పప్పులుడికేవి కావు. "మీ ఊరు గుమ్మం బయటే ఉండాలి," అని భార్య గడప దగ్గర పాత గోనెపట్టా పరిచింది. తొమ్మిదేళ్ళ కూతురు ఇక్కడే పుట్టింది. ఊళ్ళో ఉన్న మేనత్త ఫోన్ చేస్తే చాలు, మంచం కింద దూరేది. "ఆవిడెవరో నాకు తెలీదు నాన్నా, ఏం మాట్లాడను?" అనేది.

ఆ ఏడు కొత్త వార్డు కట్టారు. నేలంతా తెల్లరాయి. అక్కడి ఉద్యోగం పర్మినెంటు. ఆ కాగితం చేతికొస్తే కుటుంబాన్ని ఈ దేశంలో ఉండనిస్తారు, రాకపోతే నెలాఖరుకి ముగ్గురూ మూటాముల్లే సర్దుకోవాల్సిందే.

"నీ పనికి వంకపెట్టను బాబాయ్," అంది సూపర్‌వైజరమ్మ. "సోమవారం ఆసుపత్రి పెద్దాయన వస్తారు. ఈ చివర్నించి ఆ చివరికి నడిచి చూపించు. మరక పడకూడదు, అంతే."

ఇంకేముంది, కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. రెండు జతల మేజోళ్ళు తొడిగాడు. వాటి మీద ప్లాస్టిక్ కవర్లు, వాటి మీద రబ్బరు బూట్లు. బురద అన్నీ దాటుకుని బయటికొచ్చేసింది. చివరికి అక్కకి ఫోన్ చేశాడు.

"అక్కా, అక్కడ వానెప్పుడు తగ్గుతుందే?"

"ముసురు పట్టిందిరా. ఇక్కడ తడిసేది మేమైతే నీకెందుకురా కంగారు?"

"నా ఉద్యోగం మునిగిపోతోందే! నాకొద్దు ఆ ఊరూ, ఆ మట్టీ. నన్నొదిలెయ్యమను!"

అక్క "సరేలే, భోంచేశావా?" అంది.

సోమవారం పెద్దాయన ముందు చెప్పులు విప్పి, దేవుడా అనుకుంటూ నడిచాడు. వెనక్కి చూస్తే నేల తళతళలాడుతోంది. ఒక్క మరక లేదు! కాగితం చేతికొచ్చింది. భార్య ఆ సాయంత్రమే గోనెపట్టా తీసి చెత్తలో పారేసింది.

సంబరంగా అక్కకి ఫోన్ చేశాడు. "ఎట్టకేలకి తగ్గిందన్నమాట!"

"తగ్గడమేంట్రా? పెరట్లో మోకాల్లోతు నీళ్ళు."

ఆయన గదిలో అటు నడిచాడు, ఇటు నడిచాడు. కాళ్ళు తడుపుకుని మళ్ళీ నడిచాడు. ఉత్త నీళ్ళే. ఎవరింట్లోనో దొంగతనంగా తిరుగుతున్నట్టు భయమేసింది. కూర్చోలేడు, నిలబడలేడు. భార్య విసుక్కుని "ఇప్పుడు బాగానే ఉందిగా, ఇంకేం కావాలి?" అంది.

మర్నాడు పొద్దున్నే కూతురి బడి నుంచి కబురొచ్చింది, ఒకసారి రమ్మని. వెళ్తే, గేటు దగ్గర్నించి తరగతి దాకా చిన్న చిన్న అడుగులు. తడి తడిగా, ఎర్రగా. చివర్న బెంచీ మీద కూతురు కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

"రెండుసార్లు కడుక్కున్నా నాన్నా. పోవట్లేదు!"

ఆయన వంగి ఆ మట్టిని వేలితో తాకాడు. సిగ్గు విడిచి చెప్పాలంటే, ముందు కుళ్ళు పుట్టింది. ఇది నాది కదా అనుకున్నాడు. అప్పుడు ఫోన్‌లో అరిచిన మాట గుర్తొచ్చింది. తనని వదిలెయ్యమన్నాడు, వదిలేసింది. పోయి పోయి పిల్లని పట్టుకుంది.

టీచరమ్మ మాప్ తెచ్చిచ్చింది. "మీకలవాటేగా, ఎలా తుడుచుకోవాలో పిల్లకి కూడా కాస్త నేర్పండి," అంది, పెన్సిల్ చెక్కడం నేర్పమన్నంత మామూలుగా.

ఆయన మాప్ గోడకి ఆనించాడు. అక్క నంబరు నొక్కి ఫోన్ కూతురి చెవి దగ్గర పెట్టాడు. దూరడానికి అక్కడ మంచం లేదు. పిల్ల తండ్రి వంక చూసింది, తన పాదాల వంక చూసుకుంది.

"అత్తా... నేను. అక్కడ వానెప్పుడు తగ్గుతుంది?"