అత్తగారి వెచ్చటి గోడ

ఫిట్టర్ తన డాబా మీద వంపు అద్దాలు బిగించినప్పటి నుంచి అతనికీ, లాండ్రీ నడిపే పెళ్లానికీ మాటల్లేవు. ఆ అద్దాలు ఎండనంతా ఒక గొట్టం మీదికి మళ్లించి, అందులోని నీళ్లను ఆవిరి చేస్తాయి. ఆ ఆవిరితో ఇంజను తిప్పి కరెంటు తీయాలని అతని పంతం. దాంతో తన లాండ్రీ తొట్లలో నీళ్లు కాచుకోవాలని ఆవిడ పంతం.

"ఇస్త్రీ పెట్టెలకు కరెంటు వద్దా?" అన్నాడతను.

"మాసిన బట్టలకు ఇస్త్రీ చేస్తారా ఎక్కడైనా?" అందావిడ.

అంతే, మాటలు బంద్. ఆవిరి ఇంజనుకే పోయింది. ఆవిడ కట్టెల పొయ్యి ఊదుకుంటూ, ఏం కావాలన్నా అత్తగారి ద్వారానే కబురు పెట్టేది.

ఒకరోజు పొద్దున, "అత్తయ్యా, టిఫిన్ చల్లారిపోతోందని మీ అబ్బాయికి చెప్పండి" అని కేకేసింది. జవాబు లేదు. ఇల్లంతా వెతికారు. చివరికి ఇంజను షెడ్డు వెనక, గోడకు మోకాళ్లు ఆనించి కూర్చుని ఉంది పెద్దావిడ.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"కాపడం పెట్టుకుంటున్నా. మీ ఇద్దరికన్నా ఈ గోడ నయం."

కోడలు గోడ ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కుంది. కోపం మర్చిపోయి మొగుణ్నే అడిగింది. "ఇదేంటండీ, ఇలా కాలుతోంది?"

"ఇంజను వాడేసిన ఆవిరి. ఈ గోడలోని గొట్టంలోంచి బయటికి పోతుంది. దానికిక చక్రం తిప్పే సత్తువ లేదు."

"తిప్పే సత్తువ లేకపోతే పోనీ. నీళ్లు కాచే సత్తువ ఉందిగా!"

ఫిట్టర్ పానా తెచ్చుకోవడానికి పరుగెత్తాడు.

సాయంత్రానికల్లా గొట్టం లాండ్రీ తొట్లలోకి తిరిగింది. మర్నాడు ఒకే ఎండకు ఇస్త్రీ పెట్టెలూ వేడెక్కాయి, తొట్లలో నీళ్లూ కాగాయి. ఆలుమగలు ఒకరి మాట ఒకరు పూర్తిచేసేంతగా కబుర్లాడుకుంటుంటే, అత్తగారు రుసరుసలాడుతూ వచ్చింది.

"గోడ చల్లబడింది. నా మోకాళ్ల గతేంటి?"

"ఆవిడే మళ్లించమంది!"

"ఆయనే మళ్లించారు!"

"ఎవరైతే నాకేం? నా వేడి నాకు తెచ్చిపెట్టండి."

చేసేది లేక, లాండ్రీ గుమ్మం పక్కన సిమెంటు అరుగు కట్టి, తొట్లకు వెళ్లే గొట్టాన్ని దాని కిందుగా తిప్పారు. అత్తగారు మహారాణిలా కూర్చుంది. బట్టల కోసం వచ్చినవాళ్లు కాసేపని ఆవిడ పక్కన కూర్చునేవారు. ఇక లేచేవారు కారు.

"మీ బట్టలు ఎప్పుడో అయిపోయాయండీ" అంది కోడలు ఒకాయనతో.

"తొందరేం లేదమ్మా, ఇంకోసారి ఉతకండి" అన్నాడాయన, కాళ్లు చాపుకుంటూ.