పదకొండో రేపు

ఆ కుట్టు గదిలో పుస్తకం చదివే అలవాటు ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తు లేదు. ఎనిమిది మంది ఆడవాళ్ళలో ఒకరు కుట్టు పక్కన పెట్టి గట్టిగా చదువుతారు. ఆమె వంతు పనిని మిగతా ఏడుగురూ తలా కాస్త పంచుకుంటారు. కొన్నేళ్ళుగా చదివే పని పెద్దక్కదే. ఆమెకు కళ్ళజోడు ఉంది, గొంతు ఉంది, కుట్టు తప్పించుకోవాలనే కోరికా గట్టిగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే, పేజీ మీద ఏముంటే అది చదివేస్తుంది. లైబ్రరీ ముద్ర కూడా వదలదు. "నూట నాలుగు" అని పేజీ నంబరు చదివితే గాని కథలోకి రాదు. మొదట్లో అందరూ విసుక్కున్నారు, తర్వాత వాళ్ళే అలవాటు పడ్డారు.

ఈసారి పుస్తకం తెచ్చింది కాజాలక్క. చొక్కా బొత్తాలు పట్టే కాజాలు కుట్టేది ఆమే కాబట్టి ఆ పేరు. అక్కడ చేరి పందొమ్మిదేళ్ళు. గదిలో ముస్లిం ఆమె ఒక్కతే. అందువల్ల జీతం లేని రెండో ఉద్యోగం కూడా ఆమె నెత్తిన పడింది. లోకంలో ఎక్కడ ఏ ముస్లిం ఏం చేసినా ఆ గదికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. "మీలో ఇలాగేనా అక్కా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. వాళ్ళేం చెడ్డవాళ్ళు కారు, ఆమెకు జ్వరమొస్తే ఆమె వంతు కాజాలు కుట్టిపెట్టినవాళ్ళే. అందుకే కాదనలేక ఓపిగ్గా చెబుతుంది. సాయంత్రమయ్యేసరికి ఒంట్లో ఓపికా, నోట్లో మాటా రెండూ అయిపోతాయి.

పుస్తకం ఆమె కూతురిది. పదహారేళ్ళ పిల్ల, బడి లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవల. తన ఈడు ముస్లిం పిల్ల ఒకతె ఇంట్లో ఒకలా, బయట ఒకలా ఉండలేక, అసలు నేనెవరినని సతమతమయ్యే కథ. "అమ్మా, ఇది చదువు. శుక్రవారం తిరిగిచ్చెయ్యాలి" అని కూతురే సంచిలో పెట్టింది.

అంతకు కొన్నాళ్ళ ముందు ఆ పిల్ల ఒక మాట అడిగింది. క్లాసులో ఏదో వార్త గురించి మాటొస్తే టీచరు తనవైపు తిరిగి, "దీనికి మీవాళ్ళు ఏమంటారు?" అన్నదట. పిల్ల నోట మాట రాలేదట. "అలా అడిగితే నేనేం చెప్పాలమ్మా?" అంది. కాజాలక్క చెప్పులు విడుస్తూ, "ఒళ్ళు హూనమైపోయిందే, రేపు మాట్లాడుకుందాం" అంది.

ఆ రేపు రాలేదు. పిల్ల మళ్ళీ అడగలేదు సరికదా, మాట్లాడటమే తగ్గించేసింది. అన్నం పెట్టుకున్నావా అంటే ఊ, పడుకున్నావా అంటే ఊ. కూతురు తనకు దూరమైపోతోందని తల్లికి భయం పట్టుకుంది. పుస్తకం చదివితే పిల్ల మనసు తెలుస్తుందనుకుంది. మూడు సార్లు తెరిచి మూడు సార్లూ రెండో వాక్యం మీదే నిద్రపోయింది. కుట్టుకుంటూ వినొచ్చు కదా అని చివరికి తెచ్చి పెద్దక్క చేతిలో పెట్టింది. అది ఎంత తెలివితక్కువ పనో గురువారం దాకా ఆమెకు తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం పెద్దక్క, "నూట డెబ్బై రెండు" అని గొంతు సవరించుకుంది. నవల్లో పిల్ల తల్లిని ఏదో అడగబోయి ఊరుకుంటుంది. పెద్దక్క అదే ఊపులో, అదే గొంతుతో ముందుకు పోయింది. "నేనూ మా అమ్మని అడిగాను. చెప్పులు విడుస్తూ రేపు అంది. ఇవాళ పదకొండో రేపు."

కాజా కోసే బ్లేడు గీత దాటి చొక్కాలోకి దిగిపోయింది. అంచున పెన్సిలుతో రాసిన ఆ ముక్క ఎవరిదో కాజాలక్కకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మిగతావాళ్ళు అదీ నవల్లోదే అనుకున్నారు.

ఇస్త్రీ పిన్ని పెట్టె నిలబెట్టి, "ఏం తల్లమ్మా ఆవిడ. పిల్ల అడిగితే ఒక్క ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా?" అంది.

"పదకొండు రోజులా? అంత రాచకార్యాలేం ఉంటాయి ఆవిడకి?" అంది బొత్తాలు కుట్టే చిన్నమ్మాయి. ఆ వెంటనే ఇటు తిరిగి, "అక్కా, మీలో తల్లులు ఇంతేనా? పిల్లలతో మాట్లాడరా?" అని అడిగింది.

కాజాలక్క అలవాటుగా నోరు తెరిచింది. జవాబు నాలుక చివరే ఉంది. పందొమ్మిదేళ్ళుగా ఈ గదికి లేదనకుండా జవాబులిచ్చింది. కన్నకూతురికి మాత్రం ఒక్కటీ మిగల్చలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

"మాలో తల్లులందరి సంగతీ నాకు తెలియదు. ఇకమీదట నన్నడక్కండి" అంది. "ఆవిడ సంగతంటే చెప్తాను. పగలంతా ఇలాంటివాటికి జవాబులు చెప్పీ చెప్పీ, ఇల్లు చేరేసరికి ఆవిడ దగ్గర మాటలు మిగలవు."

పిన్ని ఇస్త్రీపెట్టె అందుకుంది. పెద్దక్క కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ పేజీని కాసేపు చూసి, "నూట డెబ్బై మూడు" అంది మెల్లగా.

పొద్దు గూకే వేళకు కాజాలక్క ఇల్లు చేరింది. కూతురు బల్ల దగ్గర రబ్బరు పట్టుకుని కూర్చుంది. రాతలు తుడవకపోతే లైబ్రరీవాళ్ళు పుస్తకం తీసుకోరట. తల్లి పుస్తకం అందించి, చెప్పులతోనే ఎదుటి కుర్చీలో కూలబడింది.

"చదివావా?" అంది కూతురు తుడుస్తూ.

"చదివించాను. గదిలో."

రబ్బరు ఆగింది. "అందరి ముందా?"

"తప్పైపోయింది. నువ్వు రాశావని వాళ్ళకి తెలియదులే. ఆ తల్లిని మాత్రం నా ఎదురుగానే కడిగిపారేశారు."

కూతురు మూతి బిగించుకుంది. "బాగా అయింది" అని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"మీ టీచరు మళ్ళీ అడిగితే, 'మావాళ్ళందరి సంగతీ నాకు తెలియదండీ, కావాలంటే నా సంగతి అడగండి' అను. నేనివాళ అలాగే అన్నాను. కొంపలేం మునగలేదు."

కూతురు తలెత్తింది. "అంతేనా? ఈ ఒక్క ముక్కకి ఇన్నాళ్ళా?"

"నీకు ఇన్నాళ్ళే. నాకు పందొమ్మిదేళ్ళు పట్టింది."

పిల్ల పేజీలు తిప్పుకుంటూ నూట డెబ్బై రెండు దగ్గర ఆగింది. అంచున ఉన్న ఆ ముక్కను నెమ్మదిగా, మచ్చ కూడా లేకుండా తుడిచి, పొట్టు ఊదేసింది.

"చెప్పులు విడువమ్మా" అంది.

"విడిస్తే నిద్రొచ్చేస్తుందే. ఇంకా ఏమన్నా అడుగుతావేమోనని."

"అడుగుతాను. పడుకో, రేపు అడుగుతాను."