డ్వేన్ దింపి వెళ్లిన సంచి

ఆగస్టు చివరి శుక్రవారం మధ్యాహ్నం మారిట్ కొట్లోకి అడుగుపెట్టేసరికి ఓరిన్ లోపల, వెనక గోడ దగ్గర స్టూలెక్కి సంచులు తగిలిస్తున్నాడు. ముఖం చూడకముందే నడకని బట్టి ఎవరో పోల్చుకున్నాడు. అచ్చం తండ్రి నడకే. కుడి భుజం కాస్త ముందుకి పెట్టి, ఎదురుగా లేని తలుపుని తోసుకుంటూ వెళ్లే మనిషిలా. లోపలి గదిలోకి తప్పుకుందామా అనుకున్నాడు గానీ, స్టూలు దిగేలోపే ఆమె దగ్గరికొచ్చేసింది.

"దాక్కోకు బాబాయ్, చూసేశాను," అంది.

ఓరిన్‌కి అరవై రెండేళ్లు. మోంటానా కొండల కింద ఉన్న ఆ చిన్న ఊళ్లో, వేట సామాన్ల కొట్లో, పందొమ్మిదేళ్లుగా మనుషుల వీపులు కొలిచి సంచులు అమర్చడమే అతని పని. మారిట్ తండ్రి డ్వేన్ అతనికి బడినాటి స్నేహితుడు. ఇరవై ఎనిమిదేళ్ల పాటు ఏటా శరత్కాలంలో ఇద్దరూ కలిసి ఎల్క్ దుప్పుల వేటకి వెళ్లారు. కిందటి అక్టోబర్లో ఇద్దరు వెళితే ఒక్కడే తిరిగొచ్చాడు.

"లాటరీలో వేట పర్మిట్ తగిలింది," అంది మారిట్. "గ్రేహార్స్ లోయకి. నాన్న దరఖాస్తు పెట్టిన చోటికే నేనూ పెట్టాను."

"వెనక్కి ఇచ్చెయ్యొచ్చు. ఫారం ఒకటుంటుంది."

"ఇవ్వను. నాకో వీపు సంచి కావాలి, ఓ ఛాతీ సంచి కావాలి. నువ్వు చూస్తావా, వేరేవాళ్లని పిలవనా?"

ఆమె పశువుల డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఈనలేని ఆవుల కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడల్ని లాగే మనిషి. ఒకసారి అనుకుందంటే ఇక అంతే. ఓరిన్ జేబులోంచి టేపు తీశాడు.

"వెనక్కి తిరుగు. తల వంచు."

మెడ కింద పొడుచుకొచ్చే ఎముక దగ్గర టేపు కొస పెట్టి, తుంటి ఎముకల పైఅంచు దాకా లాగాడు. పదిహేడున్నర అంగుళాలు. డ్వేన్‌ది ఇరవై. ఆ అంకె అతనికి ఎవరూ అడక్కుండానే గుర్తొచ్చింది.

"మనిషి పొడుగుతో పనిలేదు, వీపు పొడుగే చూడాలి," అన్నాడు. "బరువు తుంటి మీద కూర్చోవాలి. భుజాలు ఊరికే పట్టుకోవడానికి. పెద్ద సంచి తీసుకోకు. ఖాళీ ఉందంటే చెత్తంతా కూరేస్తారు జనం."

"ఆ మట్టి రంగుది వద్దు. నారింజ రంగుది దించు. కోసు దూరం నుంచి కనపడాలి."

ఎందుకో అతనికి తెలుసు, అడగలేదు. నారింజ రంగు సంచి దించి, అందులో నలభై పౌన్ల ఇసుక మూటలు వేసి ఆమె వీపుకెత్తాడు. నడుం పట్టీ బిగించి, భుజాల పట్టీలు సర్ది, కొట్టంతా నాలుగు చుట్లు తిరగమన్నాడు. ఆమె గుడారాల మధ్య నుంచీ, బూట్ల వరస ముందు నుంచీ తిరిగొచ్చింది.

"ఎక్కడ నొక్కుతోంది?"

"ఎక్కడా నొక్కట్లేదు. ఈ బరువుకి నువ్వెందుకు చెమటలు కక్కుతున్నావో అర్థం కావట్లేదు."

ఓరిన్ ఛాతీ సంచులు మూడు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒకటి మరీ లావు, కొండ ఎక్కేటప్పుడు గడ్డానికి తగులుతుంది. రెండోదానికి జిప్పు, తీస్తుంటే దుప్పికి వినపడుతుంది. మూడోదాని మూతకి అయస్కాంతం, చప్పుడు లేదు. పక్కన ఎలుగుబంటి ఎదురైతే కొట్టే స్ప్రేకి గొట్టంలాంటి అర, ఏ చేత్తోనైనా లాక్కోవచ్చు. ఆ మూడోది ఆమెకి తొడిగాడు.

"ముందు అరలో బైనాక్యులర్. వెనకాల, గుండెకి ఆనుకుని ఇంకో అర ఉంది చూడు. లైటరు, దిక్సూచి, సాయం పిలిచే శాటిలైట్ పరికరం, అన్నీ ఇక్కడే. వీపు సంచి ఎక్కడైనా దించు, ఇది మాత్రం దించకు. గుడారంలో పడుకునేదాకా ఒంటి మీద ఉండాల్సిందే."

"నాన్నకీ ఇదే చెప్పావుగా," అంది మారిట్ కట్టు సర్దుకుంటూ. "అమ్మ ఇప్పటికీ తిడుతుంది. ఓరిన్ అంతలా చెప్పినా వినలేదు, మొండి గాడిద, చేజేతులా చచ్చాడు అని."

ఓరిన్ ఇసుక మూట ఒకటి తీసి కింద పెట్టాడు. ఇంకొకటి తీశాడు. 'అవును' అంటే సరిపోయేది. పది నెలలుగా అదే అంటున్నాడు. వెతకడానికి వచ్చినవాళ్లతో అన్నాడు, పాస్టరుతో అన్నాడు, సమాధి పక్కన డ్వేన్ భార్య కోలీన్ చెయ్యి పట్టుకుని మరీ అన్నాడు.

"చెప్పలేదు," అన్నాడు.

"ఏం చెప్పలేదు?"

"మీ నాన్నకి ఈ మాట నేను చెప్పలేదు. వాడే వచ్చాడు, కిందటి సెప్టెంబర్లో. ఇలాంటిదే తొడుక్కుని ఆ అద్దం ముందు నిలబడ్డాడు. పరికరం ఇందులో పెట్టుకుంటాను, కోలీన్ పోరుతోందిరా అన్నాడు. కొట్లో నలుగురైదుగురున్నారు. నేను ఊరుకోలేదు. ఏరా, చంటిబిడ్డని ఛాతీకి కట్టుకుని బయల్దేరావు, పాలు పట్టావా, త్రేన్పు వచ్చిందా అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు. విప్పేసి ఆ కొక్కేనికి తగిలించేశాడు."

మారిట్ ఆ కొక్కెం వైపు చూసింది.

"మరి సమాధి దగ్గర?"

"అబద్ధమాడాను."

ఆమె ఛాతీ సంచి కట్టు విప్పింది. విసిరికొట్టలేదు. బల్ల మీద పెట్టి, పట్టీలు దాని కిందికి మడిచింది.

"రెండూ కట్టివ్వండి," అంది. పుట్టిన దగ్గర్నుంచీ బాబాయ్, నువ్వు అన్న పిల్ల. "వచ్చే శనివారం పొద్దున్నే ట్రక్కు తీసుకొస్తాను. నాన్న దొరికిన చోటు మీరు చూపిస్తారు, ఓరిన్."

శనివారంలోపు ఓరిన్ రాననడానికి రెండుసార్లు ఫోను తీసి మళ్లీ పెట్టేశాడు. వాపు తగ్గని మోకాలికి పట్టీ చుట్టుకుని, ఆ పొద్దున్న ఆరింటికల్లా వాకిట్లో నిలబడ్డాడు. దారిలో ఆమె రేడియో పెట్టలేదు. మట్టిరోడ్డు చివర ట్రక్కు ఆపి నడక మొదలుపెట్టాక, వాగు దాటేచోట మాత్రం ఓసారి వెనక్కి తిరిగి, "మోకాలు ఆగుతుందా?" అని అడిగింది. ఆగుతుందన్నాడు. ఆవుల్ని అడిగే గొంతులో అంతకన్నా దయ ఉంటుందనుకున్నాడు.

కిందటేడు గుడారం వేసిన మెరక చేరేసరికి పన్నెండయింది. అక్కడ కూర్చుని, ఆమె అడక్కుండానే ఆ రోజు జరిగింది మొదట్నుంచీ చెప్పాడు. మధ్యాహ్నం రెండింటికి అవతలి వాలులో ఒక పెద్ద మగ ఎల్క్ కూత పెట్టింది. ఓరిన్ మోకాలు వాచి ఉంది. "నువ్వు కాఫీ కాచుకో ముసలోడా, గంటలో వస్తా," అని డ్వేన్ బయల్దేరాడు. నాలుగింటికి మంచు మొదలైంది, ముందు మెత్తగా, తర్వాత అడ్డంగా. ఓరిన్ గాల్లోకి మూడుసార్లు పేల్చాడు. జవాబు రాలేదు. తెల్లవారాక కుంటుకుంటూ కిందికి దిగి ఫోను చేశాడు. మూడోరోజు వెతికేవాళ్లకి డ్వేన్ ఒక ఫర్ చెట్టు మొదట్లో దొరికాడు. కూర్చునే ఉన్నాడు. తుపాకీ ఒళ్లో, బైనాక్యులర్ మెడలో. వీపు మీద సంచి లేదు.

"దుప్పి దగ్గరపడితే వాడెప్పుడూ సంచి దింపేసేవాడు," అన్నాడు ఓరిన్. "కొమ్మలకి రాసుకుని చప్పుడవుతుందని. మళ్లీ వచ్చి తీసుకునేవాడు. ఆ రోజు మంచులో అది దొరకలేదు. మంటకి కావాల్సినవీ, దళసరి కోటూ, పరికరం, అన్నీ అందులోనే."

"మీరు మళ్లీ వచ్చి వెతికారా?"

"మేలో ఓసారి, జూన్లో ఓసారి. కనపడలేదు. మట్టి రంగు సంచి. ఆ రంగు తీసుకోమన్నదీ నేనే."

లేచి ఆమెని ఆ చెట్టు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ మారిట్ ఏడవలేదు. బెరడు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత తండ్రి కూర్చున్నట్టే మొదట్లో కూర్చుని, అతను చూసినవైపే చూసింది. ఎదురుగా పురుగు తొలిచి చంపిన చెట్లు వందల కొద్దీ ఒకదాని మీద ఒకటి కూలిపడి ఉన్నాయి. ఏ దుంగ చూసినా పక్కదాని లాగే ఉంది.

"దుప్పి ఎటునుంచి కూసింది?"

ఓరిన్ చూపించాడు.

"గాలి?"

"పడమటి గాలి."

"అయితే దుప్పికి వాసన తగలకుండా చుట్టూ తిరిగి పైనుంచి వచ్చుంటాడు. కింద నుంచి కాదు. మీరు కింద వెతికారు."

నిజమే, కిందే వెతికాడు. మోకాలు ఎక్కనివ్వలేదని తనకి తాను చెప్పుకున్నాడు గానీ, ఆ సంచి దొరకడం నిజంగా కావాలనుకున్నాడో లేదో ఇప్పుడు అడిగితే చెప్పలేడు.

ఇద్దరూ పై వాలుకెక్కి దుంగ దుంగకీ వంగి చూస్తూ దిగుతూ వచ్చారు. మూడు దాటాక ఓరిన్ చేతికర్ర ఒక దుంగ కింద మెత్తగా దేనికో తగిలింది. ఎండుటాకులు తోశాడు. మొదట పట్టీ కనపడింది, తర్వాత మూత. ఎలకలు ఒక మూల కొరికి గూడు పెట్టుకున్నాయి. చెరిగిపోతున్న నల్ల సిరాలో డి.ఎస్. అని డ్వేన్ పేరు పొడి అక్షరాలున్నాయి. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, ఆకులు మళ్లీ కప్పేసి ముందుకి నడుద్దామా అనిపించింది.

"మారిట్," అని పిలిచాడు.

ఆమె వచ్చి సంచిని బయటికి లాగింది. కానీ వెంటనే విప్పలేదు. అక్కడ్నుంచి ఆ ఫర్ చెట్టు దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ వెళ్లి, మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చింది.

"నూట తొంభై," అంది.

మూత తీసింది. కోటు చుట్ట చుట్టింది చుట్టినట్టే ఉంది, పొడిగా. రెండు లైటర్లు. ఎలకలు తినగా మిగిలిన సాసేజ్ తొడుగు. ప్లాస్టిక్ కవరులో అరచేతిలో పట్టే నల్ల పరికరం. ఆమె మీట నొక్కి పట్టుకుంది. ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. పచ్చ దీపం వెలిగింది.

మారిట్ నేల మీద చతికిలబడింది. అప్పుడు ఏడ్చింది. నోటికి మోచెయ్యి అడ్డం పెట్టుకుని, ఒళ్లంతా ఊగిపోతూ. ఓరిన్ ఒక అడుగు ముందుకి వేశాడు. ఆమె తలెత్తకుండానే అరచెయ్యి చూపించింది, ఆగమన్నట్టు. ఆగాడు.

కాసేపటికి ముఖం తుడుచుకుని అడిగింది. "ఇది ఒంటి మీద ఉండుంటే బతికేవాడా?"

ఆ మంచులో ఎవరూ రాలేకపోయేవాళ్లనొచ్చు. వయసు మీద నెపం పెట్టొచ్చు. పది నెలల్లో ఓరిన్ అవన్నీ తనకి తాను చెప్పుకున్నాడు.

"లైటరుతో మంట వేసుకునేవాడు. ఆ రాత్రి గడిచేది. పొద్దున్నకి హెలికాప్టర్ వచ్చేది. బతికేవాడు," అన్నాడు.

ఆమె తలూపింది. దిగేటప్పుడు ఆ సంచి తాను మోస్తానన్నాడు. ఇవ్వలేదు. తనదాని మీదే తండ్రిదీ వేసి కట్టుకుని ముందు నడిచింది. వాగు దగ్గర ఓరిన్ కాలు జారి నీళ్లలో పడితే మాత్రం వెనక్కి వచ్చి, చంకల కింద చేతులేసి లేపింది. మాట్లాడకుండా తన పొడి మేజోళ్లు తీసిచ్చింది.

ఇంటి ముందు దింపుతూ అంది. "అమ్మకి నేను చెప్తాను. మీరు రాకండి. మీరు వస్తే ఆవిడ మిమ్మల్ని ఓదార్చాల్సొస్తుంది."

అక్టోబర్లో మారిట్ వేటకి వెళ్లిందనీ, తొమ్మిదో రోజున ఒక ఆడ ఎల్క్‌ని కొట్టిందనీ, మాంసం నాలుగు విడతలుగా ఒక్కతే మోసిందనీ కొట్లో ఎవరో అంటుంటే ఓరిన్ విన్నాడు. అతను అప్పుడు ఇంకెవరిదో వీపు కొలుస్తున్నాడు. అంకె మర్చిపోయి మళ్లీ కొలిచాడు.

థాంక్స్‌గివింగ్‌కి రెండు రోజుల ముందు, పొద్దున్న ఏడింటికి కోలీన్ ఫోను చేసింది. ఇరవై ఏళ్లుగా ఓరిన్ ఆ పండగ భోజనం కోలీన్ వాళ్లింట్లోనే తిన్నాడు. తన భార్య వదిలేసి వెళ్లిన ఏడాది నుంచీ.

"ఓరిన్, నేను," అంది.

"చెప్పు కోలీన్."

"ఆయన ఫోటో తీసి బట్టల పెట్టెలో పడేశానని తెలుసా నీకు? ఏప్రిల్లో. చూస్తే ఒళ్లు మండేది. అంతలా చెప్పినవాడి మాట వినకుండా నన్ను ఒంటిదాన్ని చేసిపోయాడని. పొద్దున్న లేస్తే తిట్టేదాన్ని. నా మాట విని నీ దగ్గరికొచ్చాడని తెలీదు నాకు."

ఓరిన్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నా కోపం నువ్వు నవ్వినందుకు కాదు. మొగాళ్లు నవ్వుకుంటారు, నువ్వు ఒకటంటే ఆయన రెండనేవాడు. ఏడాది పాటు నాకు ఆయన కోసం ఏడవడం కూడా లేకుండా చేశావు చూడు, అందుకు." ఆగి ముక్కు చీదింది. "గురువారం పండక్కి రాకు. వచ్చే ఏడాది సంగతి నాకు తెలీదు."

"సరే," అన్నాడు.

"మోకాలు ఎలా ఉంది?"

"ఉంది."

"డాక్టరుకి చూపించుకో," అని పెట్టేసింది.

కిటికీ బయట రాత్రి కురిసిన మంచు ట్రక్కు అద్దాన్ని మూసేసింది. కొట్టు తెరవడానికి ఇంకా గంటుంది. ఓరిన్ కోటు వేసుకుని మంచు గీకే పలక కోసం వెతికాడు. అది కనపడకపోయేసరికి, వట్టి చేతుల్తోనే అద్దం తుడవడం మొదలుపెట్టాడు.