తాళం లేని ఇల్లు

నరసరావుపేట బజారులో తాళంకప్ప కొనాలనుకున్నవాళ్ళు ముందుగా వేణుమాధవ్ ఇనుప సామాన్ల కొట్టుకే వస్తారు. గుమ్మం పైన ఇత్తడివి, ఉక్కువి, చిన్నవి, అరచేతిలో పట్టనివి వరసగా వేలాడుతుంటాయి. పత్తి గోడౌన్ల వాళ్ళు, కోర్టు దగ్గర జిరాక్సు షాపుల వాళ్ళు, పిడుగురాళ్ల లారీ ఓనర్లు, అందరి తలుపులకూ ఆ కొట్టు తాళాలే. కాని కొట్టు వెనక వీధిలో ఉన్న వేణుమాధవ్ సొంత ఇంటికి మాత్రం బయటి నుంచి వేసే తాళం లేదు. అది లోపమని ఎవరికీ తోచలేదు. ఎందుకు తోచాలి? ఆ ఇంట్లో బాలసరస్వతి ఉంది.

బాలసరస్వతి వేణుమాధవ్‌కు అక్క. నలభై దాటాయి. తల్లి పక్షవాతంతో మంచం పట్టిన ఏడు ఆమె పెళ్ళి మాటలు ఆగిపోయాయి. తల్లి పోయాక మళ్ళీ మొదలుకాలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఎత్తనూ లేదు. పెళ్ళిళ్ళకో తిరుపతికో సినిమాకో అందరూ బయల్దేరేటప్పుడు గడప దగ్గర ఒక మాట వినిపించేది: "ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలిగా." ఆ ఒకరు ఎవరో పేరు పెట్టి చెప్పాల్సిన పని ఉండేది కాదు. మొదట్లో ఆ మాటలో ఆమెకు కాస్త సుఖం కూడా ఉండేది. తను లేకపోతే ఇల్లు గడవదనుకోవడం మనిషికి ఒక ఆసరా. ఆ ఆసరాకు ఆనుకుని కూర్చున్నకొద్దీ లేవడం కష్టమవుతుందని ఆలస్యంగా తెలిసింది.

షుగరు వచ్చిందని డాక్టరు నడవమన్నాడు. పొద్దున్నే స్టేడియంలో ఒంటరిగా నడుస్తుంటే పేట రన్నర్స్ క్లబ్బు వాళ్ళు పలకరించారు. వాళ్ళలో నజీమా అని, స్కూల్లో ఆటల టీచరు, "నడిచే కాళ్ళు ఉరకలేవా ఏందక్కా?" అని చెయ్యి పట్టుకుని లాగింది. పరుగు తరవాత సైకిలు వచ్చింది. సైకిలు తరవాత ఈత. మధ్యాహ్నం మరదలు సింధూజ కునుకు తీసే వేళ, ఈతకొలనులో ఆడవాళ్ళకిచ్చిన గంటలో, ఆమె నీళ్ళ మీద తేలడం నేర్చుకుంది. డిసెంబరులో ఒక ఆదివారం క్లబ్బు తన మొదటి ట్రయథ్లాన్ పెడుతోందనీ, తానూ పాల్గొంటున్నాననీ ఇంట్లో చాలాసార్లు చెప్పింది.

ఆ ముందురోజు అన్నాల దగ్గర సింధూజ అంది: "రేపు ఎడ్లపాడులో మా అన్నయ్య వాళ్ళ గృహప్రవేశం కదా వదినా. చీకటితోనే బయల్దేరాలి. పాలు కాచి తోడెయ్యి. డాబా మీద మిరపకాయలు ఎండేశాను, కోతులొస్తయ్, చూసుకో."

"రేపు కాలవ దగ్గర నాకు పోటీ ఉంది సింధూ."

"ఏం పోటీ అక్కా?" అన్నాడు వేణుమాధవ్, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"అత్త ఈత కొట్టుద్ది, సైకిలు తొక్కుద్ది, మళ్ళీ ఉరుకుద్ది నాన్నా!" అని వాళ్ళమ్మాయి భవిత కిలకిలా నవ్వింది. "అత్తా, నువ్వు దిగితే కాలవ పొంగుద్దేమో చూసుకో!"

"ఈ వయసులో నలుగురి ముందూ ఆ గుడ్డలేసుకునా?" అంది సింధూజ.

"ఇంకో ఆదివారం పెట్టుకోమను అక్కా," అన్నాడు వేణుమాధవ్. "ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలిగా."

అన్నం కలుపుతున్న ఆమె చెయ్యి ఆగింది. మళ్ళీ కలిపింది.

సాయంత్రం ఆమె కొట్టుకు వెళ్ళింది. తమ్ముడు లేడు, పాత గుమాస్తా రోశయ్య ఉన్నాడు. వేలాడుతున్న వాటిలోంచి ఒక తాళం చూపించింది.

"ఎవరిక్కావాలి అమ్మాయిగారూ?"

"ఇంటికి."

"మనింటికా? మనింటికి తాళమెందుకు, మీరుంటారుగా!" రోశయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"రేపు ఉండను. ట్రయథ్లాన్ ఉంది."

"ట్రయలా? మరి అసలుది ఎప్పుడంట?"

ఆమె నవ్వేసింది. తాళం అరచేతిలో బరువుగా ఉంది. ఇన్నేళ్ళూ ఆ బరువు తలుపుకు వేలాడలేదు, తనకే వేలాడిందని ఆ క్షణంలో తెలిసింది.

ఆదివారం చీకటితోనే కారు వెళ్ళిపోయింది. ఆమె మిరపకాయలు ఎత్తి గదిలో పోసింది. పాలు కాచి తోడేసింది. తలుపు మూసి తాళం వేసి, గుంజి చూసింది. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ గుంజింది. దొంగల భయం కాదు. తను లోపల లేకపోయినా ఇల్లు ఇల్లులాగే నిలబడి ఉంది. ఆమెను భయపెట్టింది అదే. తాళం చెవులు పక్కింటి ప్రమీలమ్మకు ఇద్దామనుకుంది. ఇస్తే ఎక్కడికని అడుగుతుంది. మూడు చెవులూ రింగుతో సహా తీసుకుని, క్లబ్బు వాళ్ళిచ్చిన సైకిలెక్కింది.

కాలవలో నీళ్ళు తగ్గించారు. నీళ్ళ వెంట తాడు కట్టి, ట్యూబులతో ఈతగాళ్ళను నిలబెట్టారు. అందరికీ ఎవరో ఒకరున్నారు. నజీమా భర్త ఐజాజ్ ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాడు. ఒకాయన భార్య జ్యోతి ఆయన ప్యాంటు, కళ్ళజోడు, ఫోను ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది. బాలసరస్వతి చేతిలో చెవులు చూసి, "ఇటియ్యండక్కా, నేనెట్టాగూ కూర్చునే ఉంటాగా," అంది.

ఆమె ఇవ్వబోయింది. ఆ ఒడి వైపు చూసి చెయ్యి వెనక్కు తీసుకుంది. "వద్దమ్మా. నువ్వూ కాసేపు లేచి అటూ ఇటూ తిరుగు," అని, చెవుల రింగును పిన్నీసుతో నడుముకు గుచ్చుకుని నీళ్ళలోకి దిగింది.

నీళ్ళు చల్లగా ఉన్నాయి. చెయ్యి విసిరినప్పుడల్లా చెవులు నడుమును గీరుతున్నాయి. సగం దూరంలో ఊపిరి అందక తాడు పట్టుకుంది. గట్టు మీది కేకల్లో తన పేరు లేదు. ఇప్పుడు మునిగిపోతే ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఇంటికొచ్చి తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకు. ముందు తలుపు తెరుచుకోలేదని తెలుస్తుంది. తను లేదని ఆ తరవాత తెలుస్తుంది. ఆ ఆలోచన నీళ్ళకంటే చల్లగా తాకింది. ట్యూబు ఉన్నాయన "వచ్చేయండమ్మా, చాల్లే," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి తాడు వదిలింది.

గట్టెక్కేసరికి అందరూ సైకిళ్ళ మీద వెళ్ళిపోయారు. ఆమె కోటప్పకొండ రోడ్డు మీద ఒక్కతే తొక్కింది, ఒక్కతే పరిగెత్తింది. మిరప చేలో కాయలు కోస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. "ఎవరమ్మా, తరుముతున్నారా ఏంది?" అని ఒకామె అరిచింది.

"ఎవరూ తరమట్లేదు!" అని ఆమె కూడా అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకు తెలియదు.

అందరికంటే చివర వచ్చింది. అప్పటికే బ్యానరు చుట్టేస్తున్నారు. నజీమా దాన్ని మళ్ళీ విప్పించి, మెడలో పతకం వేసింది.

ఇంటికొచ్చేసరికి కారు వాకిట్లో ఉంది. పట్టుబట్టల్లో ముగ్గురూ మెట్ల మీద కూర్చున్నారు. వేణుమాధవ్ ముఖం పాలిపోయి ఉంది.

"ఎక్కడికి పోయావక్కా! ఇంటికి తాళం చూసి, నీకేదో అయిందని ప్రమీలమ్మగారు ఫోను చేసింది. నువ్వు ఫోను తియ్యవు. భోజనాల్లోంచి లేచొచ్చాం. చెప్పి పోవద్దా?"

"ఫోను లోపలుంది. చెప్పాను వేణూ. మీరు విన్నారు కూడా."

ఆమె పిన్నీసు తీసి, రింగులోంచి ఒక్కొక్క చెవీ విప్పింది. ఒకటి తమ్ముడికిచ్చింది. ఒకటి సింధూజ చేతిలో పెట్టింది.

"మన కొట్టులోదేనా?" అన్నాడు వేణుమాధవ్, ఏమనాలో తెలియక.

"మన కొట్టులోదే. మూడోది నా దగ్గరుంటుంది."

"మరి ఇక ఇంట్లో ఎవరుంటారు వదినా?" అంది సింధూజ.

"ఉన్నప్పుడు నేనుంటాను. లేనప్పుడు తాళముంటుంది."

తన చెవితోనే తలుపు తీసి లోపలికి నడిచింది. పోటీ ఏమైందని ఎవరూ అడగలేదు. స్నానం చేస్తుంటే నడుము మీద చెవులు గీరిన చోట మండింది. ఆ మంట పోటీలో ఆమెతో పాటు ఉన్న ఒకే ఒక్క తోడు.

చదువుతున్న అమ్మల్లారా, అయ్యల్లారా! బజారులో తాళాలకు కరువు లేదు. ఈ పూట లేచి మీ ఇంటి తలుపుకు తాళం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే, దాని బదులు ఇన్నేళ్ళుగా అక్కడ వేలాడుతున్న మనిషి ఎవరో చూడండి.