ఇంజను మీద బొటనవేలంత మనిషి

పొద్దున్నే కిటికీలు తెరిచి, బల్ల తుడిచి, చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పెట్టుకోవడంతో ఆవిడ పని మొదలవుతుంది. ఆ నీళ్ళు డెకాళ్ళకి. డెకాల్‌ని స్టిక్కర్ అన్నారంటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది. అది ఉల్లిపొర కంటే పల్చటి అచ్చు. కత్తిరించి నీళ్ళలో వేస్తే కాసేపటికి వెనకున్న కాగితాన్ని వదిలి జారుతుంది. దాన్ని కుంచె మొనతో మెల్లిగా, అసలు బండికి నకలుగా ఆవిడ చేసిన బుల్లి మోడల్ మీదికి నెట్టాలి. విమానం రెక్క మీద గుర్తయినా, బస్సు మీద నంబరయినా అంతే. అడుగున రంగు నిగనిగలాడుతూ ఉండాలి. గరుగ్గా ఉందా, ఆ గరుకులో గాలి ఇరుక్కుని, ఆరాక చర్మం మీద పొక్కులా తెల్లగా తేలుతుంది. అప్పుడిక పైన ఎంత క్లియర్ వార్నిష్ కొట్టినా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ గాలిని తొక్కి బయటికి పంపడం ఆవిడ మొగుడి పని. ఒకప్పుడు ఆరడుగుల రైలు డ్రైవరు. ఇప్పుడు బొటనవేలంత ఉంటాడు. చెప్పులు లేకుండా డెకాల్ ఎక్కి, మధ్యలోంచి అంచులదాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తాడు. తడి అంచుల్లోంచి ఊరుతుంటే ఆవిడ గుడ్డ కొసతో అద్దుతుంది. దూదిపుల్లతో ఎవరు చేసినా అంత నీటుగా రాదు.

"ఎడమ పక్క బుడగ వదిలేశారు. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారో" అంటుంది ఆవిడ.

"అది బుడగ కాదే, రివెట్టు. ముందు నీ అద్దాలు మార్చుకో" అంటాడు ఆయన, పీల గొంతుతో.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆయన అలా ఎందుకయ్యాడో చెప్పాలి కదా. ఒక మధ్యాహ్నం ఆయన నడుపుతున్న రైలు కింద ఒక కుర్రాడు పడ్డాడు. విచారణ గదిలో ముగ్గురు ఆఫీసర్లు కూర్చుని, ఏం చూశావని అడిగారు. వెనక బెంచీ మీద ఆ కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. డ్రైవరు ఆ తల్లి వైపు ఒకసారి చూసి, వంపు తిరగ్గానే ఎండ కళ్ళలో పడిందనీ, తనకేమీ కనబడలేదనీ చెప్పాడు. ఇంటికి వచ్చేసరికి చొక్కా చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి.

నిజానికి ఆయన చూశాడు. కుర్రాడు పట్టాల మధ్య నిలబడి, చేతులు పక్కకి వదిలేసి, తిన్నగా ఆయన కళ్ళలోకి చూశాడు. కదల్లేదు. ఈ సంగతి ఆయన పెళ్ళానికి ఒక్కదానికే చెప్పాడు. అలా చెప్పిననాడు వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

కానీ లోకం ఊరుకుంటుందా? క్షౌరం చేసేవాడు అడిగాడు, పాలవాడు అడిగాడు, చుట్టరికం కలుపుకుని మరీ వచ్చి అడిగారు. అందరికీ చూడలేదనే చెప్పాడు. చెప్పినప్పుడల్లా కొంత తగ్గాడు. బల్ల ఎత్తయ్యాడు, చెంబెత్తయ్యాడు. డాక్టరు కొలత తీసి, తగ్గుతున్నాడు అన్నాడు. అంత చదువు చదివి ఆయన కనిపెట్టింది అది. పక్కింటి ముసలాయనైతే అస్సలు ఆశ్చర్యపోలేదు. తన పెదనాన్న కూడా ఇలాగే అయిపోతే అగ్గిపెట్టెలో దూది పరిచి పడుకోబెట్టేవాళ్ళమని, అగ్గిపెట్టె మాత్రం కొత్తది కొనుక్కోమని సలహా ఇచ్చి వెళ్ళాడు.

ఇంకొక్క అబద్ధం ఆడితే మనిషి మిగలడని ఆవిడకి తెలుసు. అందుకే గుమ్మం దగ్గరే అందరినీ ఆపేది. మోడల్ సంగతి మాట్లాడితే లోపలికి రావచ్చు, ఆ రోజేం జరిగిందని నోరు తెరిస్తే అటు నుంచి అటే. ఆవిడ నోటికి జడిసి చుట్టాలు రావడం మానేశారు.

అలాంటి ఇంటికి ఒకరోజు ఆ కుర్రాడి తల్లే వచ్చింది. బట్టలు కుట్టే మనిషి, మెడలో కొలత టేపు తీయడం కూడా మర్చిపోయింది. తనకొక రైలింజను కావాలంది. పచ్చ రంగుది. నంబరు కూడా చెప్పింది. అది ఆ రోజు తన మొగుడు నడిపిన ఇంజను నంబరని మోడళ్ళావిడకి తెలుసు. అదెందుకమ్మా అని అడిగితే, నా కొడుకుని ఆఖరుసారి చూసింది అదే, అది నా ఇంట్లో ఉండాలి అంది. కుదరదని చెప్పబోతుంటే, రంగు సీసాల వెనకనుంచి డ్రైవరు ఒప్పుకొమ్మని తల ఊపాడు. ఆ తల్లి వెళ్ళాక మొగుడూ పెళ్ళాం గట్టిగానే పోట్లాడుకున్నారు. ఆ తల్లి ఏం అడిగినా కాదనే ముఖం తనకి లేదన్నాడాయన. మరి నా ముఖమో అంది ఈవిడ.

మోడళ్ళావిడకి ఒక జబ్బుంది. కోపంలో ఉన్నా పని చెడగొట్టలేదు. ఇంజను ముందు అద్దం అసలుదానికి ఎంతుందో కొలతలు తెప్పించి, పల్చటి ప్లాస్టిక్ కోసి, అంచులు సానపట్టి బిగించింది. దుమ్ము కణం లేదు. లోపల సీటు ఆయనకి అచ్చంగా సరిపోయింది. ఎక్కి కూర్చుని బయటికి చూస్తున్న మొగుడిని కుంచె వెనక కొసతో పొడిచి దింపింది.

నంబరు అంటించే రోజున ఆ తల్లి చెప్పకుండానే వచ్చేసింది. డెకాల్ అప్పుడే ఇంజను పక్కకి జారింది. డ్రైవరు దాని మీద నడుస్తున్నాడు. మధ్యలో ఆపితే అది మెలిపడి చిరిగిపోతుంది కాబట్టి ఆయన దిగలేదు, ఈవిడ ఆపలేదు. ఆ తల్లి స్టూలు లాక్కుని కూర్చుని, ఇంజను ముందుభాగాన్ని చాలాసేపు చూసింది.

"ఇంత పెద్ద అద్దం ఉందే నాయనా" అంది. "ఇందులోంచి నీకు కనబడలేదంటే నేనెలా నమ్మను?"

మోడళ్ళావిడ చేతిలో కుంచె ఆగిపోయింది. ఆ అద్దం అంత కచ్చితంగా చేసిన తన చేతులు విరిగిపోనూ అనుకుంది.

ఆ తల్లి ఏడవలేదు. నెమ్మదిగానే చెప్పుకుపోయింది. ఆ పొద్దున ఏదో చిన్న మాట మీద కొడుకుని కసిరిందట. నా కంటికి కనబడకు పో అందట. వాడు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడట. అప్పటినుంచీ అన్నం ముందు కూర్చుంటే ఆ మాటే వినిపిస్తోందట.

"నా మాటకే పోయాడా, లేకపోతే పొరపాటున పడ్డాడా? అదొక్కటి చెప్పు. ఏదైనా సరే తట్టుకుంటాను."

తట్టుకోలేదని ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. మోడళ్ళావిడ నోరు తెరిచింది. నిజం తనే చెప్పేస్తే మొగుడు దక్కుతాడు. డ్రైవరు తలెత్తి ఆవిడ వైపు చూశాడు. విచారణ నుంచి వచ్చిన రోజున చొక్కా చేతులు మడుచుకుంటూ చూసిన చూపు. ఆవిడ నోరు మూసుకుంది.

"చూశానమ్మా" అన్నాడు డ్రైవరు. అప్పటికి ఆయన నంబరు అంకెలకి రెండింతల ఎత్తున్నాడు. "పట్టాలు దాటుతున్నాడు. చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు."

అంకెలంత అయ్యాడు.

"తల ఊపుకుంటూ నడుస్తున్నాడు. హారన్ కొట్టాను, వినబడలేదు." ఆ తల్లి వినడానికి బల్ల మీదికి వంగింది. "నావైపు చూడనే లేదమ్మా. రైలు వచ్చినట్టే వాడికి తెలీదు."

ఆఖరి మాట దోమ రొద కంటే సన్నగా వచ్చింది. ఆవగింజంత అయ్యాడు, ఇసుక రేణువంత అయ్యాడు, ఆ తర్వాత డెకాల్ మీద తడి మాత్రమే ఉంది.

"వాడికి పాటల పిచ్చి" అంది ఆ తల్లి. అప్పుడు ఏడ్చింది. ఎన్నాళ్ళుగానో బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, మోడళ్ళావిడ చెయ్యి పట్టుకుంది. "నిజమేనా అమ్మా? నీకూ అలాగే చెప్పాడా?"

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. చావు విషయంలో ఎన్ని ఆడొచ్చో ఎవరూ చెప్పలేదు. కాదంటే ఆయన పోయింది ఉత్తి పుణ్యానికే.

"అలాగే చెప్పారక్కా. మొదటి రోజు నుంచీ అదే మాట."

ఆ తల్లి లేచింది. ఇంటికి పోయి ఇంత అన్నం వండుకుంటానంది. డ్రైవరుతో కూడా చెప్పి వెళ్దామని బల్ల మీద వెతికింది కానీ, తన చూపు ఆనదులే అనుకుని గుమ్మం దిగింది.

మోడళ్ళావిడ భూతద్దం పట్టుకుని ఇంజనంతా గాలించింది. చక్రాల సందులు, సీటు, నంబరు చుట్టూ ఉన్న ప్రతి రివెట్టూ చూసింది. ఆయన ఎక్కడా లేడు. నంబరు మాత్రం ఒక్క బుడగ లేకుండా అతుక్కుంది. ఎండ బల్ల దాటి గోడెక్కేదాకా పేరు పెట్టి పిలుస్తూ కూర్చుంది, ఏడ్చింది, ఆయన్ని తిట్టింది, ఆ తల్లిని తిట్టింది. డెకాల్ ఆరిపోయింది. ఇంక మిగిలింది క్లియర్ కోటు. అది కూడా కొట్టి పెడితే ఆ తల్లి వచ్చి పట్టుకుపోతుంది.

లేచి, పై అరలో ఉన్న క్లియర్ డబ్బా కోసం చెయ్యి చాపింది. పదిహేనేళ్ళుగా చూడకుండా అందుకునే డబ్బా అది. వేళ్ళు అంచుకి కూడా తగల్లేదు. మునివేళ్ళ మీద నిలబడింది, అయినా అందలేదు. కిందికి చూసుకుంటే చీర కుచ్చిళ్ళు నేల మీద పడి ఉన్నాయి.

ఆ తల్లి కూర్చున్న స్టూలు జరుపుకుని, ఎక్కి, డబ్బా దింపింది.