పాలధార వింటేనే పాట

మా ఊరి భజన బృందంలో చిడతలు పట్టినవాడే ముందు పాడాలి. అతను ఒక వరస పాడితే మిగిలినవాళ్ళం అందుకుంటాం. ఆ చిడతలు మా పెద్ద మామయ్య వెంకటనారాయణ గారి చేతిలో ఉండేవి. అవి ఎప్పుడు తన చేతికొస్తాయా అని మా ఆయన బసవపున్నయ్య ఆయన వెనకే నిలబడి చూస్తుండేవారు. మా పెద్దపిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడు మొదలైన చూపు, అది పదో తరగతి తప్పినా ఆగలేదు.

"రాముడు పద్నాలుగేండ్లు అడవిలో ఓపిక పట్టిండు. నేను పట్టలేనా?" అనేవారు.

"రాముడు రాజ్యం కోసం కాసుక్కూసున్నాడా? అక్కడ పడ్డ పని చేసుకుంటా పోయిండు."

"మరి నేను చేస్తలేనా?"

చేసేవారు, కాదనను. గొంతు కోసం పెరుగు మానేశారు. ఆవకాయ కూడా మానేశారు. మా పెద్దలు గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. మా ఇంట్లో ఆవకాయ మానడమంటే సన్యాసం కింద లెక్క. పొద్దున్నే నేను కొట్టంలో పాలు పితుకుతుంటే వచ్చి, గుంజకు ఆనుకుని తల పక్కకు వంచేవారు. చెంబులో మొదటి ధార చుయ్‌మని పడగానే పాట ఎత్తుకునేవారు. నేను అందుకునేదాన్ని. గేదెకూ అలవాటైపోయి, పాట లేకపోతే పాలు చేపేది కాదు.

"స్వామికి మనసులో మాట తెలుసు గదా, ఇంత మిరియాల కషాయం తాగాల్నా?" అని ఒకసారి అడిగాను.

"ఆయన పిలిచిన రోజు గొంతు బొంగురుపోతే ఎట్లనే?" అన్నారు.

ఆ ఏడు శ్రీరామనవమికి చర్ల రోడ్డు పట్టుకుని భద్రాచలం నడిచాం. మామయ్య కొత్తగా పళ్ళు కట్టించుకున్నారు. దారిలో నక్సలైట్ల కోసం పెట్టిన క్యాంపు దగ్గర పోలీసులు ఆపి, మా సంచులు చూసి, "నిజంగా భజనవాళ్ళేనా? ఏదీ, ఒక పాట పాడండి" అన్నారు. మామయ్య "రామా" అని గొంతెత్తగానే పై వరస పళ్ళు జారి ఇసకలో పడ్డాయి. పోలీసాయనే వంగి తీసి, కడిగిచ్చాడు.

అక్కణ్ణుంచి మామయ్య ఒక చేత్తో చిడతలు, ఒక చేత్తో దవడ పట్టుకుని గుడి మెట్ల దాకా లాక్కొచ్చారు. అక్కడిక వల్లకాలేదు. పళ్ళు తువాలు కొంగున కట్టుకుని, చిడతలు మా ఆయన చేతిలో పెట్టారు.

"పాడు పున్నయ్యా. పైదాకా పాట నిలబెడితే చిడతలు నీవే. లేకుంటే సీతయ్యకిస్తా."

పక్కనే ఉన్న మా బృందం సీతయ్య అప్పుడే గొంతు సవరించుకున్నాడు.

మా ఆయన చిడతలు ఎత్తారు. నోరు తెరిచారు. పాట రాలేదు. వెనక ఇంకో ఊరి బృందం వచ్చి ఆగింది.

"ఏందన్నా, గిది మూగ భజననా? జల్దీ పాడుండ్రి, లేకుంటే జరగుండ్రి!"

"మనసులో పాడుతుండు. రాముడికి వినబడ్తదిలే," అన్నాడు సీతయ్య.

ఆడవాళ్ళం వెనక ఉన్నాం. ఆయన తల పక్కకు వంచి, చెవి రిక్కించి నిలబడడం చూశాక నాకు తెలిసింది. ఆయన పాలధార కోసం ఆగారు! ఇన్నేళ్ళ సాధనా చెంబు చప్పుడుతోనే మొదలైంది మరి. ఇప్పుడు గేదెను ఎక్కడి నుంచి తేను? గుడి మెట్ల మీద ఇట్లాంటిది చేయొచ్చో లేదో అడగడానికి అయ్యవారు కూడా దగ్గర్లో లేరు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ఆయన చెవి దగ్గర నోటితోనే "చుయ్... చుయ్..." అన్నాను.

ఎక్కడ దాక్కుందో ఆ పాట, గోదావరి అవతలికి వినిపించేంత గట్టిగా వచ్చింది! అది అయిపోగానే ఆయన తల మళ్ళీ వంగింది. నేను మళ్ళీ చుయ్‌మన్నాను. అట్లా పాట పాటకూ పాలు పితుకుతూ పైదాకా ఎక్కాం.

"చిడతలు నీవేరా," అన్నారు మామయ్య బోసినోటితో. "గానీ కోడల్ని వెనక నిలబెట్టినవో, మళ్ళీ గుంజుకుంటా."

అప్పటి నుంచి నేను ముందు వరసలో నడుస్తున్నాను. నేను అడగని చోటు అది. అన్నేళ్ళు కాచుకున్నది ఆయనైతే, నన్నెందుకు తెచ్చి పక్కన నిలబెట్టావని స్వామిని అడిగాను. ఆయన సీతమ్మను పక్కన పెట్టుకుని ఊరికే చూస్తున్నాడు.

మొన్న అన్నంలోకి ఆవకాయ వేసుకోబోతుంటే మా ఆయన జాడీ వెనక్కి లాగేశారు.

"నవమి దగ్గర పడ్డది. నీ నోరు పాడైతే నా గతేంది?"

చుయ్‌మనడానికి ఆవకాయ ఏం అడ్డమో ఆ రాముడికే తెలియాలి.