పేరు తీసేసిన వార్త

ఆ ఆదివారం ధర్మవరంలోని ఆ ఇంట్లో ముగ్గురే ఉన్నారు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్న యశోదమ్మ, గోడవార కండెలు చుడుతున్న అత్త మారెమ్మ, వంటింట్లో సంకటి కెలుకుతున్న పదహారేళ్ల కూతురు చౌడేశ్వరి. ఇంటాయన నాగేంద్ర నేసిన చీర అప్పజెప్పడానికి షావుకారు దగ్గరికి పోయాడు. ఆయన తిరిగొచ్చేలోపు చౌడేశ్వరితో ఒంటరిగా రెండు మాటలు చెప్పాలని పరుగున వచ్చిన సాయిసుధ, గడప ముందు చెప్పులు విడవడానికే తడబడింది.

సుధది పరిగి దగ్గర పల్లె. హిందూపురంలో జర్నలిజం డిగ్రీ మొదటి ఏడాది. క్లాసులో నోరు పెగలదు. చెప్పాలనుకున్నదంతా డైరీలో రాసుకుంటుంది. పోయిన నెల చీరల నేత గురించి రాసుకోవడానికి ఈ ఇంటికొచ్చింది. అప్పుడే, సెలవుల్లో తనూ మగ్గం నేసే చౌడేశ్వరి ఆమెకు గుట్టు విప్పింది. తనకు కుదిర్చిన పెళ్లిని, బడిలో ఎవరిదో ఫోను అడిగి పిల్లల హెల్ప్‌లైనుకు చేసి ఆపించుకున్నది తనే. బడి టీచరే చేసిందని నాగేంద్ర నమ్ముతున్నాడు. ఆ నమ్మకం ఉన్నన్నాళ్లే ఆమెకు ఇంటర్ చదువు.

"నా పేరు రాకూడదక్కా" అంది.

"రానియ్యను" అని సుధ మాటిచ్చింది.

మైనరు పేరే కాదు, గుర్తుపట్టగలిగే ఏ వివరమూ ఇవ్వకూడదని చట్టం పాఠంలో చదివింది. వార్త రాసి, అందులో పేరు తీసేసింది. వీధి తీసేసింది. బడి కూడా తీసేసింది. కానీ భాష చెప్పే అమర్‌నాథ్ సారు కళ్లకు కట్టేలా రాయమన్నారు కదా, అందుకని ఒక్క వాక్యం ఉంచుకుంది: 'కొంగు మీద వెనక్కి తిరిగి చూసే జింకను నేసే చేతులే ఆ ఫోను అందుకున్నాయి.' సారు దాని కింద గీత గీసి మెచ్చుకుని, వార్తను ఒక వారపత్రికకు పంపారు.

పొద్దున హిందూపురం స్టేషన్లో అచ్చులో తన పేరు చూసుకుని మురిసిపోయి, చౌడేశ్వరికి చూపిద్దామని రైలెక్కింది. పెనుకొండలో ఎక్కిన ఒక నేతామె పక్కావిడతో అంటోంది. "మా డిజైను ఇంగో ఇంటికి ఇయ్యడులే షావుకారు. కొంగు చూస్తే సాలు, ఎవురి మగ్గమో మా వీధిలో సంటిపిల్లోళ్లు గూడా చెప్తారు."

సుధ పత్రిక మళ్లీ తెరిచి ఆ జింక వాక్యం చదువుకుంది. ఫోన్ చేద్దామంటే ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాగేంద్రదే.

"ఎవురూ? సుధనా? ఆడే నిలబడితే ఎట్ల పాపా, రా" అంది మారెమ్మ. "నీ స్నేహితురాలు సంకటి చేస్తాండాది. ఒగ ముద్ద తినిపోదువు."

చౌడేశ్వరి నవ్వుతూ బయటికొచ్చింది. సుధ ఆమె చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

"వార్తలో జింక గురించి రాసినా చౌడూ. మీ నాయన చదవకముందే..."

చౌడేశ్వరి నవ్వు ఆగిపోయింది. "అక్కా, ఆ జింక మా ఒక్కరిదే."

మగ్గం చప్పుడు కూడా ఆగింది. యశోదమ్మ వాకిలి వైపు చూస్తోంది. గడపలో నాగేంద్ర, చేతిలో మడిచిన పత్రిక.

"సాయిసుధ అంటే నువ్వే గదమ్మా?" అన్నాడు మెల్లగా. "షావుకారు నలుగుర్లో చదివి వినిపించినాడు. ఏమప్పా, నీ జింక పేపరెక్కిందే అని ఒగటే నవ్వు. నాకు ఒగటే చెప్పు. ఫోన్ చేసింది టీచరా, నా బిడ్డా?"

టీచరే అనేస్తే చాలు. కానీ ఏ పాపమూ ఎరగని ఆమె మీదికి ఈయన పోతాడు. అబద్ధం చెప్పకూడదు. సమాచారం ఇచ్చినవాళ్లను బయటపెట్టకూడదు. సుధకు నోట్సులో రాసుకున్న మాటే నోటికొచ్చింది.

"ఎవరు చెప్పినారో నేను చెప్పకూడదు సార్."

పరీక్షలో అయితే ఆ జవాబుకు పూర్తి మార్కులు. నాగేంద్ర కూతురి వైపు తిరిగాడు.

"టీచరైతే ఈ పాప టీచరనే చెప్పిండును. రేపట్నించి కాలేజీ లేదు. మగ్గంలో కూచో."

"తప్పు నాది సార్, ఆమెను..."

చౌడేశ్వరి సుధ భుజం పట్టుకుని గడప దాటించింది. ఆ చేతికి అంటిన సంకటి ఇంకా వెచ్చగా ఉంది.

"పేరు రాయలేదు చౌడూ, ఒట్టు."

"తెల్సు. పో అక్కా."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.